గది కంటే చల్లని ప్రాసెసర్

నాంచారయ్యకి ఒకటే బాధ. మిషను సిద్ధంగా ఉంది, టేపు సిద్ధంగా ఉంది. ఉస్తాద్ మాత్రం "ఇప్పుడు కాదు" అంటారు. ఎందుకు కాదో చెప్పరు. పొద్దున అడిగితే అదే మాట, సాయంత్రం అడిగితే అదే మాట.

"ఈయన మనసులో ఏముందో చెప్పు వసుంధరా" అని నా ప్రాణం తీసేవాడు.

"నన్నడుగుతావేంట్రా, వెళ్లి ఆయన్నే అడుగు" అనేదాన్ని.

"అడిగితే నవ్వుతున్నాడు."

అదీ నిజమే. మా ఉస్తాద్ నాగూర్ మీరా గారికి కోపం రావడం నేను చూడలేదు. కోపం రావాల్సిన చోటల్లా నవ్వేవారు. దానికంటే రెండు తిట్లు తిడితే హాయిగా ఉండేది మాకు.

మాది బందరు. ఐసు ఫ్యాక్టరీ సందులో, రేకుల కప్పు కింద ఆయన కంప్యూటర్ రిపేరు కొట్టు ఉండేది. అంతకుముందు రేడియోలూ టీవీలూ బాగుచేసేవారు. కంప్యూటర్లు వచ్చాక వాటినీ విప్పడం మొదలుపెట్టారు. నేనూ నాంచారయ్యా ఆయన దగ్గరే పని నేర్చుకున్నాం. లావుపాటి మానిటర్లు, తెల్లగా వచ్చి ఏడాదికల్లా పచ్చబడే కీబోర్డులు, మోడెమ్ కలిసేటప్పుడు వచ్చే ఆ కీచు చప్పుడు... ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు. నవ్వనీండి. ఆ సందులో ఇప్పుడు ఐసు ఫ్యాక్టరీ లేదు, కొట్టు లేదు, ఉస్తాద్ కూడా లేరు. ఎక్కడైనా సోల్డరింగ్ వాసన తగిలితే మాత్రం నాకు ఇప్పటికీ కాళ్లు కదలవు. కాసేపు అక్కడే నిలబడిపోతాను.

సరే, టేపు సంగతి చెప్పాలి.

ఆ ఎండాకాలం గూడూరు నుంచి భ్రమరాంబ గారని ఒక టీచరు వచ్చారు. చేతి సంచిలో, చీర ముక్కలో చుట్టి, ఒక పాత వీడియో క్యాసెట్ తెచ్చారు. వాళ్లమ్మ కనకరత్నం గారు హరికథలు చెప్పేవారట. చుట్టుపక్కల ఎన్ని ఊళ్లు తిరిగారో లెక్కలేదు. ఎవరో పెళ్లిలో చెప్పిన ఒక్క కథ మాత్రం వీడియో తీశారు. ఆవిడ పోయాక ఆ క్యాసెట్ బీరువాలో ఉండి ఉండి బూజు పట్టింది.

ఉస్తాద్ దాన్ని విప్పి, మెత్తటి గుడ్డతో జానెడు జానెడు తుడిచారు. టేపు మీది పూత గుడ్డకి అంటుకుని వస్తోంది.

"టీచర్ గారూ, ఇది ఒక్కసారి తిరుగుతుంది. ఇంకోసారి తిరుగుతుందని నేను మాటివ్వలేను" అన్నారు.

ఆవిడ చీర ముక్కని మడతపెట్టి ఒళ్లో పెట్టుకున్నారు. తర్వాత మెల్లగా అన్నారు: "మొన్నొకరోజు మా అమ్మ గొంతు గుర్తుచేసుకుందామని కూర్చున్నానండీ. రాలేదు. మొహం వస్తోంది, చీర వస్తోంది, గొంతు రావట్లేదు. భయమేసింది నాకు."

నాంచారయ్య తల దించుకుని స్క్రూడ్రైవర్ తిప్పుకుంటూ కూర్చున్నాడు.

ఆ టేపుని కంప్యూటర్లోకి ఎక్కించాలి. టేపు తిరుగుతుండగానే బొమ్మనీ మాటనీ కుదించి ఫైలుగా రాసుకోవాలి. మా మిషనుకి అంత ఓపిక లేదు. వేరే పెళ్లి క్యాసెట్ పెట్టి చూస్తే పెదాలు ఒకచోట, మాట ఒకచోట. పోనీ టేపు నుంచి టేపుకి ఎక్కిద్దామా అంటే ఉన్న కాస్తా మసకబారిపోతుంది. ఇక మధ్యలో మిషను బిగుసుకుపోయిందంటే అంతే సంగతులు, ఆవిడ గొంతు మళ్లీ దొరకదు.

"నేను పరిగెత్తిస్తాగా!" అన్నాడు నాంచారయ్య.

అదే వాడి పిచ్చి. ప్రాసెసర్ని కంపెనీ రాసిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడం. ఓవర్‌క్లాకింగ్ అనేవాళ్లం. వేగం పెంచితే ఓల్టేజి పెంచాలి. ఓల్టేజి పెంచితే వేడి పెరుగుతుంది. ఈ మూడూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడవాలి. ఒకటి తప్పిందా, మిషను ఉన్నపళాన ఆగిపోతుంది. ఒక్కోసారి కాలిపోతుంది కూడా. బందర్లో ఆ పని చేసేవాడు తనొక్కడేనని వాడికి గొప్ప. ఎవరు కొట్లోకి వచ్చినా, ప్రింటర్ బాగుచేయించుకోడానికి వచ్చినా సరే, తన వేగం ఎంతో చెప్పి పంపేవాడు.

పట్టుపట్టి కూర్చుని వేగం పెంచాడు. పెళ్లి క్యాసెట్‌ని బొమ్మ తడబడకుండా ఎక్కించి చూపించాడు. ఒక మధ్యాహ్నం, రేకులు కాలిపోతున్న వేళ, కొట్టంతా వినపడేట్టు అరిచాడు.

"ఉస్తాద్! రండి, చూడండి! ఇంత వేగంలో కూడా ప్రాసెసర్ వేడి ఎంతో తెలుసా? ముప్పై నాలుగు డిగ్రీలు!"

వేడి చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి వేశాడులెండి. తెర మీద ఓ మూల పచ్చటి అంకెలు మెరుస్తున్నాయి.

ఉస్తాద్ లేచి వచ్చి చూశారు. కళ్లజోడు సర్దుకుని ఇంకోసారి చూశారు.

"అమ్మాయ్, పేపర్లో ఎండ ఎంత రాశారు?" అని నన్నడిగారు.

"నలభై మూడండీ."

ఆయన తన కుర్చీ రెండు చేతులతో ఎత్తి తెచ్చుకున్నారు. మూత తీసిన క్యాబినెట్ పక్కన వేసుకున్నారు. లాల్చీ పై బొత్తాం విప్పుకుని, కాళ్లు బారజాపి, కళ్లు మూసుకుని కూర్చున్నారు.

నాంచారయ్య నా వైపు చూశాడు. నాకేం తెలుసు?

"ఉస్తాద్, అక్కడెందుకు? వేడిగాలి కొడుతుంది" అన్నాడు.

"వేడెక్కడిదిరా? ఊరంతా నలభై మూడు. నీ దగ్గర ముప్పై నాలుగు. బందర్లో ఇంతకంటే చల్లని చోటు నాకెక్కడ దొరుకుతుంది బేటా?" అన్నారు కళ్లు తెరవకుండానే.

నేను పకపకా నవ్వేశాను. ఆపుకోవడం నా వల్ల కాలేదు. నాంచారయ్య మొహం చూడాలి అప్పుడు, ఆముదం తాగినవాడిలా పెట్టాడు.

"మరి సాఫ్ట్‌వేర్ అదే చెప్తోంది కదా ఉస్తాద్!"

"చెప్తోంది. అందుకేగా వచ్చి కూర్చున్నా."

చాలాసేపు అలాగే కూర్చున్నారు. నుదుటి మీంచి చెమట కారి లాల్చీ తడిసిపోయింది. అయినా లేవలేదు. చివరికి నాంచారయ్యే ఆయన చెయ్యి పట్టుకుని లేపాడు.

"మరి టేపు?" అన్నాడు చిన్నగా.

"ఇప్పుడు కాదు."

ఆ సాయంత్రం నాంచారయ్య టీ తాగుతూ నాతో అన్నాడు: "ప్రాసెసర్ మీది ఫ్యాను విసిరేది గదిలో గాలే కదా వసుంధరా. ఆ గాలితో అది గది కంటే చల్లగా ఎట్లా అవుద్ది?"

"ఈ మాత్రం దానికి ఇంతసేపు పట్టిందా?" అన్నాను. అన్నానే కానీ, ఉస్తాద్ వచ్చి కూర్చునేదాకా నాకూ తట్టని విషయమే అది.

బోర్డు మీద వేడి కనిపెట్టే బొడిపె ఒకటి ఉంటుంది. అది చెప్పేదాన్ని సాఫ్ట్‌వేర్ తన లెక్కలోకి మార్చుకుని అంకె వేస్తుంది. మా బోర్డుకీ ఆ లెక్కకీ పొత్తు కుదర్లేదు. అంకె మటుకు అందంగా ఉంది.

అప్పట్నుంచి వాడికి తెర మీది అంకెలంటే అనుమానం పట్టుకుంది. వేడి సంగతి తర్వాత, ముందు ఓల్టేజి చూద్దామన్నాడు. ఇంటి నుంచి తన మీటరు తెచ్చాడు. ప్రాసెసర్ పక్కనుండి దానికి కరెంటు అందించే కాయిల్ కాలికి మీటరు పుల్ల ఆనించి చూశాడు. తెర ఒకటి చెప్తే మీటరు దానికంటే ఎక్కువ చూపించింది.

"చూశారా ఉస్తాద్! సాఫ్ట్‌వేర్ ఇక్కడా అబద్ధమే. అసలు ఓల్టేజి ఎక్కువుంది. అందుకని కాస్త తగ్గించా. ఇక భయం లేదు, ఇది నా చేత్తో చూసిందే."

ఉస్తాద్ తల ఊపి, నన్ను పక్క కిరాణా కొట్టుకి పంపించి కొత్త పెన్సిల్ సెల్ ఒకటి తెప్పించారు. కవరు చింపి నాంచారయ్య చేతిలో పెట్టారు.

"ఇదెంతుందో చూడు."

చూశాడు. "ఒకటీ ఎనభై" అన్నాడు. అని, తన మాట తనకే తేడాగా వినపడి ఆగిపోయాడు. పెన్సిల్ సెల్ ఎంత కొత్తదైనా ఒకటిన్నర ఓల్టుల మీద ఇంకాస్త, అంతే ఉంటుంది. అది మా పనిలో చేరిన మొదటి వారమే నేర్చుకునే సంగతి.

ఉస్తాద్ ఆ సెల్‌ని బల్ల మీద నిలబెట్టి, టోపీ తీసుకుని నమాజుకి వెళ్లిపోయారు.

నాంచారయ్య మీటరు వెనక మూత విప్పాడు. లోపలి బ్యాటరీ నీరసించిపోయి ఉంది. బ్యాటరీ తగ్గితే మీటరు తక్కువ చూపిస్తుందేమో అనుకుంటాం కదా. కాదు, ఎక్కువ చూపిస్తుంది. అంటే వాడు ఎక్కువుందని తగ్గించిన ఓల్టేజి నిజానికి అప్పటికే సరిగ్గా ఉంది. ఆ మీటరు మాట నమ్మి, చాలీచాలని ఓల్టేజితో టేపు పెట్టి ఉంటే కథ సగంలో మిషను ఆగిపోయేది. ఆ మాట తట్టగానే వాడి మొహం పాలిపోయింది.

"టీచర్ గారి టేపు పోగొట్టేవాణ్ణి వసుంధరా" అన్నాడు.

ఈసారి నాకు వెక్కిరించబుద్ధి కాలేదు.

ఆ తర్వాత వాడు మారిపోయాడు. కొట్లోకి వచ్చినవాళ్లకి వేగం చెప్పడం మానేశాడు. మీటరుకి కొత్త బ్యాటరీ వేశాడు. వేశాక కూడా, పొద్దున్నే కొట్లోకి రాగానే కొత్త సెల్ మీద చూసుకుని గానీ పని మొదలుపెట్టేవాడు కాదు. వాళ్ల బావకి రొయ్యల చెరువులున్నాయి. నీళ్ల వేడి చూసే తీగ థర్మామీటరు ఆయన దగ్గర అడిగి తెచ్చాడు. తెచ్చినవాడు తిన్నగా మిషనులో పెట్టొచ్చుగా? పెట్టలేదు. ఐసు ఫ్యాక్టరీకి వెళ్లి గ్లాసు నిండా ఐసు ముక్కలు తెచ్చి, అవి కరుగుతుంటే ఆ నీళ్లలో తీగ ముంచాడు. సున్నా చూపించేదాకా చూశాడు. అప్పుడు తీసి, తుడిచి, ప్రాసెసర్ మీద వేడి లాగే అల్యూమినియం దిమ్మె అడుగున అంటించాడు. ఎవరూ చెప్పలేదు వాడికి. ఉస్తాద్ దూరం నుంచి చూస్తూ, చూడనట్టు పేపరు తిరగేశారు.

మిషను ఖాళీగా ఉన్నప్పుడు కొలవడం కూడా మానేశాడు. పెళ్లి క్యాసెట్ ఎక్కిస్తూ, మూత బిగించి, నడి మధ్యాహ్నం పూట కొలిచాడు.

"ఖాళీగా కూర్చుంటే అందరం చల్లగానే ఉంటాం" అన్నాడు.

"ఎవరినిరా అంటున్నావ్?" అన్నాను.

"ప్రాసెసర్నే తల్లీ!"

అట్లా కొలుస్తుంటే వాడికి ఇంకో సంగతి దొరికింది. సందు చివర ఐసు ఫ్యాక్టరీ మోటారు వేసినప్పుడల్లా కరెంటు ఒక్కసారి కుంగుతోంది. దాంతోపాటు కాయిల్ దగ్గర అంకె కూడా కుంగుతోంది. అన్నాళ్లూ అది మాకు తెలీదు. ఇన్వర్టర్ మీద నడిపి చూస్తే కదలకుండా నిలబడింది. మరోటి కూడా తెలిసింది. ఆ వేడి చూపించే సాఫ్ట్‌వేర్ నడుస్తున్నంతసేపూ బొమ్మ అప్పుడప్పుడూ ఉలిక్కిపడుతోంది. చూస్తానని కూర్చున్నదే పనికి అడ్డం పడుతోందన్నమాట. దాన్ని తీసేశాడు.

ఆఖరికి వేగం తగ్గించాడు. అంతకుముందు ఎవరికిపడితే వాళ్లకి చెప్పుకున్న వేగం. టేపుకి సరిపోయేంత ఉంచి మిగతాది వదిలేశాడు.

"ఏం, గుర్రానికి కాలు విరిగిందా?" అన్నాను.

"దీనికి ఇంత చాల్లే" అన్నాడు. అంతే. నాకు కాస్త దిగులేసింది కూడా, పాత నాంచారయ్య ఎక్కడికి పోయాడా అని.

భ్రమరాంబ గారు మళ్లీ వచ్చారు. కూర్చోలేదు. మిషను దగ్గర నిలబడి అడిగారు: "ఏం కాదు కదా తమ్ముడూ?"

నెల కిందటైతే వాడు ముప్పై నాలుగు డిగ్రీల పాట మొదలుపెట్టేవాడు. ఇప్పుడు చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"ఏం కాదని చెప్పలేనండీ. చూడాల్సినవన్నీ చూశాను. నడుస్తున్నంతసేపూ పక్కనే ఉండి చూస్తాను" అన్నాడు.

ఆవిడ మొహంలో భయం పోలేదు. నేను ఉస్తాద్ వైపు చూశాను. ఆయన లేచి నిలబడ్డారు.

"టేపు పెట్టు" అన్నారు.

నాంచారయ్య మెయిన్ స్విచ్ ఆపేశాడు. కరెంటు లేదు, ఇన్వర్టర్ మీద మిషనూ వీసీఆరూ మాత్రమే. కొట్లో ఫ్యాన్లు ఆగిపోయాయి. రేకుల కింద కొలిమిలో కూర్చున్నట్టుంది. మీటరు తీగలు కాయిల్‌కి తగిలించి, థర్మామీటరు ఎదురుగా పెట్టుకుని వాడు కింద చాప మీద కూర్చున్నాడు. టేపు కదిలింది.

ముందు గీతలు. తర్వాత పందిరి, పెట్రోమాక్స్ లైట్లు, పిల్లల గోల. తర్వాత మెడలో పూలదండతో, చేతిలో చిరతలతో ఒక పొట్టి మనిషి వచ్చి నిలబడింది. కాలు కదిపితే గజ్జెలు మోగాయి. నోరు తెరిచింది.

అబ్బ, ఏం గొంతండీ అది! కొట్టు నిండిపోయింది. రుక్మిణీ కల్యాణం. భ్రమరాంబ గారు "అమ్మా" అని ఒక్క మాట అని, కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. సందులో పోయేవాళ్లు గుమ్మం దగ్గర ఆగారు. సైకిలు దిగి నిలబడినవాళ్లున్నారు.

కథ సగానికి వచ్చేసరికి వేడి పెరగడం మొదలైంది. నాంచారయ్య క్యాబినెట్ పక్క మూత, స్క్రూలు చప్పుడవకుండా, మెల్లగా జరిపాడు. విసనకర్ర తీసుకుని విసరడం మొదలుపెట్టాడు. అంకె ఆగింది. చెయ్యి ఆపితే ఎక్కుతోంది. మళ్లీ విసిరాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది, చెమట కళ్లలోకి కారుతోంది, తుడుచుకోడు.

"ఇవ్వరా, కాసేపు నేను విసురుతా" అన్నాను. వాడికి వినపడలేదు.

పెళ్లికి పిలవకుండానే వచ్చి ముందు వరసలో భోజనానికి కూర్చున్న బంధువుల మీద కనకరత్నం గారు ఒక పిట్టకథ చెప్పారు. గుమ్మంలో జనం ఘొల్లుమన్నారు. భ్రమరాంబ గారు ఏడుస్తూనే నవ్వారు. ఉస్తాద్ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చిన్నపిల్లాడిలా నవ్వారు. నాంచారయ్య నవ్వలేదు. వాడి కళ్లు మీటరు మీంచి థర్మామీటరుకి, థర్మామీటరు మీంచి మీటరుకి తిరుగుతున్నాయి.

మంగళం పాడారు. టేపు చివర బరబరమని గీతలొచ్చి ఆగిపోయింది. ఫైలు మొత్తం పడింది. ఉస్తాద్ వెనక్కీ ముందుకీ జరిపి చూశారు. పెదాలూ మాటా ఎక్కడా విడిపోలేదు.

క్యాసెట్ బయటికి తీస్తే లోపల టేపు తెగి వేలాడుతోంది.

భ్రమరాంబ గారు కళ్లు తుడుచుకుని నాంచారయ్య దగ్గరికి వచ్చారు.

"మా అమ్మ ఎట్లా పాడింది తమ్ముడూ?"

వాడు తడబడ్డాడు.

"నేను వినలేదండీ."

"అదేంటి? ఇక్కడే ఉన్నావుగా!"

"మీటరు చూస్తున్నానండీ" అన్నాడు తప్పు చేసినవాడిలా.

ఆవిడ వాడి తడి తల మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయారు. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. చెప్పుకోడానికి సిగ్గేం లేదు, ఏడుపొచ్చింది నాకు.

ఉస్తాద్ మీటరు ఆపేశారు. థర్మామీటరు తీసి పక్కన పెట్టారు. ఫైలుని మొదటికి జరిపారు. తర్వాత వచ్చి నాంచారయ్య పక్కన చాప మీద కూలబడి, వాడి చేతిలోంచి విసనకర్ర తీసుకున్నారు.

వాడికి విసరడం మొదలుపెట్టారు.

"ఉస్తాద్, మీరేంటి..." అని వాడు లేవబోయాడు.

"కూర్చో. గాలి నేను విసురుతా. నువ్వు విను."